అరువు తెచ్చుకున్న టెండరు: అమెరికా ప్రభుత్వ సంస్థల ఉమ్మడి కొనుగోలు నియమాలు

అమెరికాలో ఏదైనా చిన్న పట్టణ కౌన్సిల్ సమావేశపు ఎజెండాను తీరికగా చదివితే, రోడ్ల మరమ్మతులకూ పార్కు బెంచీలకూ మధ్య ఎక్కడో ఇలాంటి అంశం ఒకటి తగులుతుంది: అగ్నిమాపక శాఖకు కొత్త ఫైరింజన్, ధర సుమారు 10 లక్షల డాలర్లు, సోర్స్‌వెల్ ఒప్పందం ద్వారా కొనుగోలుకు ఆమోదం. ఆ పట్టణం టెండరు ప్రకటన ఇవ్వలేదు, సీల్డు కవర్లు తెరవలేదు, ముగ్గురు సరఫరాదారుల ధరలను పక్కపక్కన పెట్టి చూసినట్టు ఎక్కడా కనిపించదు. కొత్తగా ఆ ఊళ్లో ఇల్లు కొనుక్కుని, తన ఆస్తి పన్ను ఎక్కడికి పోతోందో తెలుసుకుందామని వెళ్లిన మన తెలుగు కుటుంబానికి ఇది చూడగానే అనుమానం రావడం సహజం. ఇంత పెద్ద మొత్తాన్ని టెండరు లేకుండా ఎలా ఖర్చు పెడతారు?

టెండరు లేకపోలేదు. అది వేరే చోట జరిగింది. మిన్నెసోటా రాష్ట్రంలోని స్టేపుల్స్ అనే చిన్న ఊరు కేంద్రంగా, ఆ రాష్ట్ర చట్టం కింద ఏర్పడిన సోర్స్‌వెల్ అనే ప్రభుత్వ సంస్థ ఫైరింజన్ల కోసం దేశమంతటికీ వర్తించేలా ప్రతిపాదనలు పిలిచి, వచ్చిన వాటిని మదింపు చేసి, కొందరు తయారీదారులతో ఒప్పందాలు చేసుకుంది. పట్టణం ఆ ఒప్పందాన్ని వాడుకుంటోంది. మరోలా చెప్పాలంటే, పోటీని తాను నిర్వహించకుండా, మరొకరు నిర్వహించిన పోటీని అరువు తెచ్చుకుంటోంది. ఉమ్మడి కొనుగోలు ఒప్పందాలపై ఉన్న నియమాలు గజిబిజిగా, ఒక రాష్ట్రానికీ మరో రాష్ట్రానికీ పొంతన లేనట్టుగా కనిపిస్తాయి గాని, వాటన్నిటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఈ అరువు చెల్లుతుందా?

ఇలా అరువు తెచ్చుకోవడానికి బలమైన కారణమే ఉంది. ఒక ఫైరింజన్ కొనుగోలుకు సాంకేతిక నిర్దేశాలు రాయించాలి, న్యాయవాది చేత పత్రాలు చూపించాలి, ప్రకటన ఇచ్చి గడువు ఇవ్వాలి, బిడ్లను పరిశీలించాలి, ఓడిన కంపెనీ అభ్యంతరం చెబితే సమాధానం ఇవ్వాలి. ఐదారు నెలలు ఇట్టే గడిచిపోతాయి. పదిహేనేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒక్క బండి కొనే ఊళ్లో ఈ పని తెలిసిన అధికారి ఉండకపోవచ్చు. చాలా చోట్ల కోశాధికారే కొనుగోలు అధికారి కూడా. పైగా ఒక్క బండి కోసం తయారీదారు ఇచ్చే ధర వేరు, వందల బండ్లు అమ్ముడవుతాయన్న ఆశతో ఇచ్చే ధర వేరు.

ఉమ్మడి కొనుగోలు అనే మాట కింద నిజానికి వేర్వేరు ఏర్పాట్లు ఉన్నాయి. కొన్ని కౌంటీలు (మన జిల్లాల వంటివి) ముందుగానే కలిసి కూర్చుని, తమ తమ అవసరాలను ఒకచోట కూడి, ఒకే టెండరు పిలవడం మొదటిది. ఇది అన్నిటికన్నా నిక్కచ్చి పద్ధతి, ఎందుకంటే ఎవరికి ఎంత కావాలో బిడ్డు వేసేవాడికి ముందే తెలుసు. ఒక సంస్థ నాయకత్వం వహించి టెండరు నిర్వహిస్తే, మిగిలినవి అనుబంధ పత్రాలపై సంతకం చేసి చేరడం రెండోది. రాష్ట్రాల కొనుగోలు అధికారుల జాతీయ సంఘమైన నాస్పో 1947 నుంచి ఉంది. పశ్చిమ రాష్ట్రాలు 1993లో మొదలుపెట్టిన కూటమి నుంచి ఎదిగిన నాస్పో వాల్యూపాయింట్ నేడు ఈ పద్ధతిలోనే పనిచేస్తోంది. ఒక రాష్ట్రం ముందుండి మాస్టర్ ఒప్పందం చేస్తుంది, చేరదలచిన ప్రతి రాష్ట్రమూ పార్టిసిపేటింగ్ అడెండం అనే పత్రం ద్వారా తన చట్టానికి అవసరమైన షరతులను జోడించుకుంటుంది. మందుల విషయంలో 1985లోనే మిన్నెసోటా మొదలుపెట్టిన ఎమ్‌ఎమ్‌క్యాప్ కూటమి కూడా ఈ కోవలోదే.

మూడో పద్ధతికి అక్కడి అధికారులు పెట్టుకున్న పేరు పిగ్గీబ్యాకింగ్. మన వీధుల్లో పిల్లలు ఆడే ఉప్పుమూట ఆటే అది. వేరొక సంస్థ తన కోసం ఎప్పుడో చేసుకున్న ఒప్పందం వీపెక్కి, అదే ధరకు, అవే షరతులకు ఇంకో సంస్థ కొనుక్కోవడం. వివాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఉప్పుమూటలో పడిపోకుండా ఉండాలంటే మోసేవాడు ఎక్కించుకుంటానని ముందే ఒప్పుకుని ఉండాలి, ఎక్కేవాడి బరువు వాడు మోయగలిగినంతే ఉండాలి, ఇద్దరూ వెళ్లవలసిన దారి ఒకటే కావాలి. చట్టసభలూ ఆడిటర్లూ న్యాయస్థానాలూ అడుగుతూ వచ్చినవి దాదాపు ఇవే.

ఎక్కించుకోవడానికి ఒప్పుకోవడం అంటే ఏమిటో న్యూయార్క్ చట్టం చూస్తే స్పష్టమవుతుంది. ఆ రాష్ట్రంలో స్థానిక సంస్థల కొనుగోళ్లను నడిపించేది జనరల్ మునిసిపల్ లా 103వ సెక్షన్. దానికి 2012లో చేర్చిన 16వ ఉపవిభాగం ప్రకారం ఇతరుల ఒప్పందాన్ని వాడుకోవాలంటే, ఆ ఒప్పందం ఫెడరల్ ప్రభుత్వమో, ఏదో ఒక రాష్ట్రమో, మరొక స్థానిక ప్రభుత్వమో చేసుకున్నదై ఉండాలి. ఇతర ప్రభుత్వ సంస్థలు వాడుకోవడానికి వీలుగా దాన్ని తెరిచి ఉంచి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, అర్హత గల వారిలో తక్కువ ధర వేసిన వారికో, ధరతో పాటు నాణ్యతనూ చూసే ఉత్తమ విలువ ప్రాతిపదికనో, న్యూయార్క్ చట్టం కోరే పోటీకి అనుగుణమైన పద్ధతిలో ఇచ్చినదై ఉండాలి. మొదటి షరతు పైకి మామూలుగా కనిపిస్తుంది కాని, దాని పట్టు గట్టిది. ప్రైవేటు కొనుగోలు కూటమి ఏదైనా తనంతట తాను టెండరు పిలిచి ఒప్పందం చేసుకుంటే, అది ఎంత చవకైనా, ఈ సెక్షన్ కింద పనికిరాదు. కూటమి కేవలం నిర్వాహకురాలిగా ఉండి, ఒప్పందం చేసుకున్నది ఒక ప్రభుత్వ సంస్థే అని పత్రాలు చూపించాలి.

మూడో షరతు మరీ కష్టమైనది. టెండరు జరిగింది అరిజోనాలో అనుకుందాం. అక్కడి అధికారులు తమ చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించి ఉండవచ్చు. అయినా ఆ పద్ధతి న్యూయార్క్ చట్టపు స్ఫూర్తికి సరిపోతుందా లేదా అని తేల్చుకోవలసింది న్యూయార్క్ పట్టణమే. ప్రకటన బహిరంగంగా వెలువడిందా, బిడ్లను గోప్యంగా ఉంచారా, ఎంపిక ప్రమాణాలను ముందే చెప్పారా, గెలిచినవారికి ఎందుకు ఇచ్చారో రాసి పెట్టారా అన్నవి ఆ పట్టణ అధికారి తన బల్ల మీద కాగితాలు పెట్టుకుని చూడవలసిన విషయాలు. కూటమి వెబ్‌సైటులో పోటీ జరిగిందని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యే నియమం ఇదే, ఎందుకంటే సమయం మిగుల్చుకోవడానికే ఈ దారికి వచ్చిన అధికారికి మళ్లీ వందల పేజీల పాత టెండరు పత్రాలు చదవమని చెబితే చేదుగానే ఉంటుంది.

దారి ఒకటేనా అన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో చక్కని ఉదాహరణ కాలిఫోర్నియా బడులది. అక్కడి పబ్లిక్ కాంట్రాక్ట్ కోడ్ 20118వ సెక్షన్, తమకు మేలని పాలకమండలి నిర్ణయిస్తే, మరొక ప్రభుత్వ సంస్థ ద్వారా సామగ్రినీ పరికరాలనూ వాహనాలనూ ఇతర చరాస్తినీ టెండరు ప్రకటన లేకుండా కొనుక్కునే వీలు పాఠశాల జిల్లాలకు, అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థలకు, కల్పించింది. పిల్లల సంఖ్య పెరిగి గదులు చాలక అవస్థ పడుతున్న జిల్లాలకు ఇదొక వరంలా దొరికింది. ఫ్యాక్టరీలో తయారై లారీల మీద భాగాలుగా వచ్చే తరగతి గదులు వస్తువులే కదా, కాబట్టి పొరుగు జిల్లా చేసుకున్న ఒప్పందం మీద అవే గదులను మేమూ తెచ్చుకుంటాం అని కొన్ని జిల్లాలు వాదించాయి. గది భాగాలు లారీ మీద ఉన్నంతసేపూ ఆ వాదన నిలుస్తుంది. దాన్ని దించి, కాంక్రీటు పునాది మీద శాశ్వతంగా బిగించి, నీళ్లూ కరెంటూ కలిపాక అది వస్తువా, భవనమా? ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ 2006లో ఇచ్చిన అభిప్రాయంలో, శాశ్వత పునాది మీద నిలిపే అలాంటి గదుల భాగాలను టెండరు లేకుండా ఈ దారిలో సంపాదించడం కుదరదని తేల్చారు. చరాస్తి కోసం తెరిచిన తలుపులోంచి స్థిరాస్తిని తీసుకురాకూడదన్నది దాని సారం.

నిర్మాణ పనుల విషయంలో ఇంత జాగ్రత్త ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. ఒకే మోడల్ కంప్యూటర్ ఒహాయోలోనూ ఫ్లోరిడాలోనూ ఒకటే. పునాది కింద మట్టి మాత్రం ఏ ఊరికి ఆ ఊరే వేరు. టెక్సాస్ ఈ విషయాన్ని ఇంకో విధంగా పట్టుకుంది. ఆ రాష్ట్ర స్థానిక సంస్థలు కొనుగోలు కూటమి ద్వారా 50,000 డాలర్లకు మించిన నిర్మాణ సంబంధ సామగ్రి లేదా సేవలు తీసుకోవాలంటే, ఆ పనికి ఇంజనీరు లేదా ఆర్కిటెక్టు నక్షలు అవసరం లేదనో, అవసరమైన నక్షలు ఇప్పటికే సిద్ధమయ్యాయనో నియమిత అధికారి ఒకరు లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో పిల్లలను బడికి పంపే తెలుగు తల్లిదండ్రులు, బడి పైకప్పు మరమ్మతు కూటమి ద్వారా జరుగుతోందని వింటే, ఆ ఒక్క కాగితం చూపించమని అడగవచ్చు.

ఇక బరువు సంగతి. పాత ఒప్పందంలో 10 బస్సులకు పోటీ జరిగితే, దాని మీద 60 బస్సులు కొనడం పోటీ అనిపించుకుంటుందా? స్థానిక సంస్థ సొంత డబ్బు పెడుతున్నంతవరకు ఈ ప్రశ్నకు రాష్ట్ర చట్టమే సమాధానం చెబుతుంది. వాషింగ్టన్ నుంచి గ్రాంటు వచ్చిన మరుక్షణం ఫెడరల్ నిబంధనలు వచ్చి కూర్చుంటాయి. ప్రజా రవాణా నిధులు ఇచ్చే ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ ఈ విషయంలో ఎప్పటినుంచో కఠినంగా ఉంది. మొదటి సంస్థ తన ఒప్పందంలో ఉండి తాను ఆర్డరు చేయని బస్సుల హక్కును ఇంకొకరికి బదలాయించవచ్చు. అందుకు ఒప్పందంలో బదలాయింపు నిబంధన ఉండాలి, ధర ఇప్పటికీ సమంజసమేనని తీసుకునే సంస్థ స్వయంగా నిర్ధారించుకోవాలి. మొదటి టెండరులో లేని సంఖ్యను ఆ తరువాత అతికిస్తే మాత్రం దాన్ని ట్యాగ్-ఆన్ అంటారు, పోటీ లేని కొనుగోలుగానే లెక్కిస్తారు. ఏ సంస్థయినా తన అవసరాలకు మించి భారీ సంఖ్యను టెండరులో రాసుకుని, మిగిలినదాన్ని తరువాత ఇతరులకు పంచుదామనుకోవడాన్ని కూడా ఫెడరల్ ట్రాన్సిట్ అడ్మినిస్ట్రేషన్ ఒప్పుకోదు. 2015లో వచ్చిన ఫాస్ట్ చట్టం రవాణా సంస్థల ఉమ్మడి కొనుగోళ్లకు ప్రత్యేకంగా దారి తెరిచినప్పుడు కూడా హద్దులు గీసింది: తొలి గడువు రెండేళ్లకు మించకూడదు, ఆపై ఏడాది చొప్పున గరిష్ఠంగా మూడు పొడిగింపులు, నాయకత్వ సంస్థ వసూలు చేసే రుసుము ఒప్పందం విలువలో 1 శాతానికి లోబడి ఉండాలి.

మిగిలిన ఫెడరల్ గ్రాంట్లలో చాలావాటికి ఆధారం యూనిఫాం గైడెన్స్ అని పిలిచే నిబంధనావళి, అంటే ఫెడరల్ నిబంధనల సంపుటిలో రెండో శీర్షిక కింద ఉన్న 200వ భాగం. ఇందులో పాఠకుడు మొదట గమనించవలసింది, రాష్ట్రాన్నీ స్థానిక సంస్థనూ అది ఒకే గాటన కట్టదు. రాష్ట్రం గ్రాంటు డబ్బుతో కొన్నప్పుడు ప్రధానంగా తన సొంత కొనుగోలు విధానాలనే అనుసరిస్తుంది. కౌంటీ, నగరం, పాఠశాల జిల్లా మాత్రం 200.318 నుంచి మొదలయ్యే వివరమైన నియమాలన్నిటికీ కట్టుబడాలి. ఆ 318వ సెక్షనే ఉమ్మడి ఒప్పందాలను ప్రోత్సహిస్తుంది. అయితే ప్రోత్సాహం అంటే మినహాయింపు అని చాలామంది పొరబడ్డారు. 2020 సవరణలో ఆ సెక్షన్‌కు ఒక వాక్యం చేరింది: ఇలాంటి ఏర్పాట్ల ద్వారా జరిగిన కొనుగోలు చర్యలను పత్రాలతో నమోదు చేసినప్పుడు పోటీ నియమం నెరవేరినట్టే. ఆ వాక్యంలో పట్టుకోవలసిన మాట నమోదు.

ఈ నమోదులో ఉండవలసినవి చిన్నవేమీ కావు. మొదటి టెండరు బహిరంగ పోటీయేనని చూపే పత్రాలు, చిన్న కొనుగోళ్ల పరిమితి దాటితే ధర విశ్లేషణ, వీలైన చోట చిన్న సంస్థలకూ మైనారిటీ యాజమాన్య సంస్థలకూ అవకాశం కల్పించడానికి తీసుకున్న చర్యలు, ఫెడరల్ గ్రాంటుకు తప్పనిసరైన ఒప్పంద షరతులు అన్నీ ఉండాలి. చివరిది తరచు కొంప ముంచుతుంది. కూటమి తన టెండరును రాష్ట్ర నిధులను మనసులో పెట్టుకుని రాసి ఉండవచ్చు. నిషేధిత కాంట్రాక్టర్ల తనిఖీ, లాబీయింగ్ నిషేధం, కార్మికుల పని గంటలు, ఓవర్‌టైమ్ నియమాల వంటి షరతులు అందులో లేకపోతే, తుపాను తరువాత శిథిలాలు తొలగించడానికి ఆ ఒప్పందాన్నే వాడిన కౌంటీ చిక్కుల్లో పడుతుంది. పని జరిగింది, డబ్బు చెల్లించేశారు, ఊరు శుభ్రపడింది. ఆ తరువాత ఎప్పుడో ఆడిటర్లు వచ్చి ఆ ఖర్చు గ్రాంటు కింద చెల్లదంటే, ఆ సొమ్ము స్థానిక ఖజానా నుంచే తిరిగి కట్టాలి. ఎరువు సొమ్ము బరువు చేటు అని మన పెద్దలు నగల గురించి అన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఫెడరల్ ప్రభుత్వం తన సొంత ధరల పట్టికలను కూడా కొంతమేర తెరిచింది. ఫెడరల్ శాఖల కోసం కొనుగోళ్లు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ ఒప్పందాల మీద సమాచార సాంకేతిక వస్తువులను రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు కొనే వీలు 2002 నాటి ఈ-గవర్నమెంట్ చట్టంతో వచ్చింది. భద్రతా, అగ్నిమాపక, ప్రాణరక్షణ సామగ్రి 2008లో తోడైంది. అమ్మడం సరఫరాదారు ఇష్టం, కొనడం స్థానిక సంస్థ ఇష్టం.

ధర దగ్గరికి వస్తే, నియమాలకూ ఆచరణకూ మధ్య దూరం బాగా కనిపిస్తుంది. ఉమ్మడి ఒప్పందాల్లో చాలావాటిలో ధర అంటే ఒక అంకె కాదు, జాబితా ధర మీద ఒక శాతం తగ్గింపు. జాబితా ధర 100 డాలర్లున్న పంపు మీద 20 శాతం తగ్గింపు ఉంటే ఒప్పందం ధర 80 డాలర్లు. అదే పంపును ఊళ్లో దుకాణదారు 74కి అమ్ముతుంటే? ఒప్పందం ధర సాధారణంగా పైహద్దు మాత్రమే, అంతకన్నా తగ్గించమని అడగడానికి మామూలుగా అడ్డేమీ ఉండదు. అయినా అడగకుండానే సంతకం చేసేవారు ఉన్నారు. మరుసటి ఏడాది తయారీదారు జాబితా ధరను 115కి పెంచితే, తగ్గింపు శాతం మారకుండానే ఒప్పందం ధర 92 అవుతుంది. అందువల్ల జాబితా ఏ తేదీది, దాన్ని పెంచడానికి ఎవరి అనుమతి కావాలి అన్నది శాతం కన్నా ముఖ్యమైన సంగతి. వీటికి తోడు కూటమి నిర్వహణ రుసుమును సాధారణంగా సరఫరాదారు చెల్లిస్తాడు, కొనే సంస్థకు చేరడం ఉచితం అంటారు. ఉచితం అన్న మాటను నేను ఒప్పుకోలేను. అమ్మకంలో కొంత శాతాన్ని కూటమికి కట్టవలసినవాడు దాన్ని ధరలో కలుపుకునే బిడ్డు వేస్తాడు.

ఎడిసన్ వంటి పట్టణాల్లో వేల తెలుగు కుటుంబాలు ఉన్న న్యూజెర్సీ ఈ చిక్కును గుర్తించింది. 2011 చట్టంతో జాతీయ స్థాయి కూటములను వాడుకోవడానికి అనుమతిస్తూనే, సేవలకూ సామగ్రికీ చేరవేతకూ అయ్యే ఖర్చులన్నీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఆదా ఉంటుందని కొనుగోలుకు ముందే నిర్ధారించుకోవాలన్న షరతు పెట్టింది. కొన్న తరువాత లెక్కలు సమర్థించుకోవడం కాకుండా, ముందే లెక్క వేసి ఉంచమనడం మంచి నియమం.

చిన్న వ్యాపారుల వైపు నుంచి చూస్తే కథ ఇంకోలా ఉంటుంది. అమెరికాలో తెలుగువారు నడిపే చిన్న ఐటీ సంస్థల్లో రాష్ట్ర ప్రభుత్వాలకు నిపుణులను సరఫరా చేసేవి చాలా ఉన్నాయి. ఊరి టెండరు ఊరే పిలిస్తే వారు పోటీ పడగలరు. దేశవ్యాప్త మాస్టర్ ఒప్పందానికి అడిగే ఆర్థిక స్తోమత, 50 రాష్ట్రాల్లో సేవలందించే సామర్థ్యం వంటి అర్హతల ముందు నిలబడలేరు. గెలిచిన పెద్ద కంపెనీ కింద ఉపకాంట్రాక్టరుగా చేరడమే వారికి మిగిలే దారి, మధ్యలో ఒక పొర లాభం ఆ కంపెనీకి పోతుంది. పట్టణానికి సమయం ఆదా అయిన ప్రతిసారీ ఎవరో ఒక స్థానిక సరఫరాదారుకు తలుపు దగ్గరికి వచ్చే అవకాశమే లేకుండా పోతుందన్న ఆవేదనను తేలిగ్గా కొట్టిపారేయలేం.

మన దగ్గర కూడా కలిసి కొనడం కొత్త కాదు, కాని దాని నిర్మాణం వేరు. డీజీఎస్‌అండ్‌డీ అనే కేంద్ర సంస్థ దశాబ్దాల పాటు రేటు కాంట్రాక్టులు చేసి ఉంచితే కేంద్ర మంత్రిత్వ శాఖలు నేరుగా సరఫరా ఆర్డర్లు ఇచ్చుకునేవి. 2017 అక్టోబరు 31న దాన్ని మూసివేశారు, అప్పటికే 2016 ఆగస్టులో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్ ఆ స్థానంలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో వైద్య సేవల మౌలిక వసతుల సంస్థలు మందులకు రాష్ట్రమంతటికీ కలిపి టెండర్లు పిలుస్తాయి. ఇవన్నీ పైనుంచి ఒక సంస్థకు అప్పగించిన కొనుగోళ్లు. జవాబుదారీ ఎవరో ముందే తెలుసు. అమెరికా పద్ధతిలో పక్కపక్కనున్న సమాన సంస్థలు తమ ఇష్టంతో ఒకరి ఒప్పందం ఒకరు వాడుకుంటాయి. తప్పు జరిగితే టెండరు పిలిచిన సంస్థ మా ఊరికి మేం సరిగానే చేశాం అంటుంది, కూటమి మేం నిర్వాహకులమే అంటుంది. అందుకే అక్కడి నియమాలు బాధ్యతను చివరికి తెచ్చి కొన్న సంస్థ భుజం మీదే పెడతాయి.

కౌన్సిల్ సమావేశంలో ఆ తెలుగు కుటుంబం అడగవలసింది, టెండరు ఎందుకు పిలవలేదని కాదు. ఒప్పందం సంఖ్య ఎంత, దాన్ని చేసుకున్న ప్రభుత్వ సంస్థ ఏది, మన ఫైరింజన్‌కు చేర్చిన నిచ్చెన, రేడియోలు, గొట్టాలు ఆ ఒప్పందం పరిధిలోనివా లేక బయటి ధరకు కలిపినవా, ఇంకెవరి ధరనైనా పోల్చి చూశారా అని అడగాలి. ఇంకొక తేదీ కూడా అడగాలి. నేడు ఆర్డరు ఇచ్చిన ఫైరింజన్ చేతికి రావడానికి రెండేళ్లు, మూడేళ్లు పట్టడం మామూలైపోయింది. ఒప్పందం గడువు వచ్చే నెలలో ముగుస్తుంటే, ఆర్డరు ఆ లోపే పడిందా, బండి వచ్చేనాటికి ధర పెంచే హక్కు తయారీదారుకు ఉందా అన్న రెండు వాక్యాలు ఫైలులో ఎక్కడ ఉన్నాయో అధికారి వేలు పెట్టి చూపించగలగాలి.